సమాంతర బిల్డ్‌లో అప్పుడప్పుడు మాత్రమే వచ్చే ఫైల్ లోపాలకు అసలు పరిష్కారం ఏమిటి?

ప్రశ్న

మేము చూసుకుంటున్న సి ప్రాజెక్టు ఒకటి గ్నూ మేక్‌తో (మేక్‌ఫైల్‌లో రాసిన రూల్స్ ప్రకారం కమాండ్లను నడిపే సాధనం) బిల్డ్ అవుతుంది. పై స్థాయి మేక్‌ఫైల్ ‘కామన్’, ‘ఆప్’, ‘టెస్ట్స్’ అనే ఉపడైరెక్టరీలలోకి వెళ్లి ఒక్కోదానిలో మళ్లీ మేక్‌ను నడుపుతుంది. కామన్‌లో ఒక స్టాటిక్ లైబ్రరీ తయారవుతుంది. ఆప్‌లో బైసన్ అనే పార్సర్ తయారీ సాధనం ద్వారా పార్సర్.సి, పార్సర్.హెచ్ ఫైళ్లు పుడతాయి. వాటికి తోడు ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ గిట్ కమిట్ గుర్తును తీసుకొని వెర్షన్.హెచ్ అనే హెడర్‌ను రాస్తుంది. ఆప్, టెస్ట్స్ రెండూ కామన్ లైబ్రరీని వాడుకుంటాయి. ఎవరైనా నేరుగా ఆ డైరెక్టరీలోకి వెళ్లి మేక్ నడిపినా పని జరగాలన్న ఉద్దేశంతో, ఆ రెండింటి మేక్‌ఫైళ్లు కూడా కామన్‌లోకి వెళ్లి ముందు లైబ్రరీని కట్టి వస్తాయి.

పలు కమాండ్లను ఒకేసారి నడిపించే -జె ఆప్షన్ లేకుండా నడిపితే ఈ బిల్డ్ ఎప్పుడూ నిక్షేపంగా పూర్తవుతుంది. సిఐ సర్వర్‌లో (మార్పులను తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే యంత్రం) -జె 16తో, అంటే ఒకేసారి 16 జాబ్‌ల దాకా నడిపినప్పుడు మాత్రం అప్పుడప్పుడు కూలిపోతుంది, అదీ ప్రతిసారీ ఒకేచోట కాదు. కొన్నిసార్లు వెర్షన్.హెచ్ దొరకలేదని కంపైలర్ అంటుంది. వెళ్లి చూస్తే ఫైల్ అక్కడే ఉంటుంది. కొన్నిసార్లు పార్సర్.సి సగంలో తెగిపోయినట్టు, చివర బ్రాకెట్ మూయలేదన్న లోపం వస్తుంది. తెరిచి చూస్తే ఫైల్ సంపూర్ణంగానే కనిపిస్తుంది. అరుదుగా లింకర్ మా లైబ్రరీ చెడిపోయిందంటూ దాన్ని తిరస్కరిస్తుంది. మొదటి రెండు సందర్భాల్లో మళ్లీ మేక్ నడిపితే చాలు, బిల్డ్ ఏమీ జరగనట్టు పూర్తయిపోతుంది. మూడోదానికి మాత్రం లైబ్రరీని చెరిపేసి మొదలుపెట్టాల్సి వస్తుంది.

మా బృందంలో ఇప్పుడు మూడు ప్రతిపాదనలు నలుగుతున్నాయి. బిల్డ్ విఫలమైతే సర్వరే మళ్లీ ప్రయత్నించేలా పెట్టడం ఒకటి, జాబ్‌ల సంఖ్యను బాగా తగ్గించడం మరొకటి, ఫైళ్లు రాసే కమాండ్లన్నిటినీ ఎఫ్‌లాక్ అనే లాక్ కమాండ్‌తో చుట్టడం ఇంకొకటి. వీటిలో ఏదీ కారణం జోలికి వెళ్లడం లేదని నా అనుమానం, కానీ ఆ మాటను నిరూపించే ఆధారం నా దగ్గర లేదు. ఈ మూడు లక్షణాలూ ఒకే లోపం నుంచి వస్తున్నాయా? ఇలాంటి లోపాన్ని మనకు కావాలన్నప్పుడు రప్పించే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం 1

మీరు చెప్పినవి మూడు వేర్వేరు లోపాలు, అయితే వాటి జాతులు రెండే. ఒక ఫైల్‌ను చదివే కమాండ్ ఉన్నా, అది ఆ ఫైల్‌పై ఆధారపడుతుందన్న సంగతి మేక్‌కు తెలియకపోవడం మొదటి జాతి. ఒకే ఫైల్‌ను రెండు కమాండ్లు రాయడం రెండో జాతి. సమాంతర బిల్డ్‌లలో ఫైళ్ల విషయంలో వచ్చే రేస్ కండిషన్లలో (ఏ పని ముందు జరిగిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయే లోపాలు) నేను చూసినవి దాదాపు అన్నీ ఈ రెండింటిలోనే పడతాయి, అందుచేత ఏ లోపం ఎదురైనా ముందుగా ‘ఈ ఫైల్‌ను ఎవరు రాస్తున్నారు, ఎంతమంది రాస్తున్నారు, చదివేవారు ఆ సంగతి చెప్పుకున్నారా’ అని అడగడం మంచిది. -జె లేనప్పుడు మేక్ ఆధారాలను (ఒక లక్ష్యానికి, అంటే తయారుకావలసిన ఫైల్‌కు, ముందుగా సిద్ధంగా ఉండాల్సినవి) రాసిన వరుసలోనే తీసుకుంటుంది; మీ బిల్డ్ నిక్షేపంగా నడుస్తున్నది ఆ వరుస పుణ్యమే తప్ప, మేక్‌ఫైల్ సరిగ్గా ఉన్నందువల్ల కాదు.

వెర్షన్.హెచ్ సంగతి మొదటి జాతికి చెందింది. మీరు బహుశా కంపైలర్‌కు -ఎమ్ఎమ్‌డి ఇచ్చి, హెడర్ల ఆధారాలను .డి ఫైళ్లలోకి రాయించి, వాటిని మేక్‌ఫైల్‌లో కలుపుతూ ఉంటారు. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది: .డి ఫైల్ కంపైల్ జరిగాకే పుడుతుంది. కాబట్టి శుభ్రమైన డైరెక్టరీలో మొదటిసారి బిల్డ్ చేస్తున్నప్పుడు మెయిన్.ఓకు వెర్షన్.హెచ్ కావాలని మేక్‌కు చెప్పేవారే ఉండరు. సిఐ సర్వర్ ప్రతిసారీ శుభ్రమైన డైరెక్టరీతోనే మొదలవుతుంది, మీ యంత్రాల్లో పాత .డి ఫైళ్లు మిగిలి ఉంటాయి. అందుకే ఈ లోపం సర్వర్‌లోనే ఎక్కువగా కనబడుతుంది. దీనికి మందు ఆర్డర్ ఓన్లీ ఆధారం. ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటినీ లక్ష్యాలుగా రాసి, కోలన్ తర్వాత నిలువు గీత పెట్టి, దాని కుడివైపున వెర్షన్.హెచ్, పార్సర్.హెచ్ పేర్లు రాయండి. అప్పుడు ఏ ఆబ్జెక్ట్ ఫైల్ కంపైల్ మొదలవ్వాలన్నా ఈ హెడర్లు ముందు సిద్ధంగా ఉండాలి. అయితే వాటి టైమ్‌స్టాంప్ మారినంత మాత్రాన అన్నీ తిరిగి కంపైల్ కావు. ఏ ఆబ్జెక్ట్‌కు ఏ హెడర్ నిజంగా అవసరమో తర్వాతి బిల్డ్‌లలో .డి ఫైళ్లు చూసుకుంటాయి. ఈ సౌకర్యం మేక్ 3.80 నుంచి ఉంది కాబట్టి పాత యంత్రాల గురించి బెంగ అక్కర్లేదు.

పార్సర్ విషయం రెండో జాతి. మీ మేక్‌ఫైల్‌లో పార్సర్.సి, పార్సర్.హెచ్ రెండింటినీ కోలన్‌కు ఎడమవైపు రాసి, కుడివైపు పార్సర్.వై పెట్టి, కింద బైసన్ కమాండ్ ఇచ్చి ఉంటారు. చదివేవారికి అది ‘ఈ కమాండ్ రెండు ఫైళ్లను తయారుచేస్తుంది’ అన్నట్టు కనబడుతుంది, కానీ మేక్ దాన్ని అలా అర్థం చేసుకోదు. ఒకే కమాండ్ ఉన్న రెండు విడివిడి రూల్స్‌గా తీసుకుంటుంది. వరుసగా నడుస్తున్నప్పుడు మొదటి రూల్ నడిచేసరికి రెండో ఫైల్ కూడా పుట్టి ఉంటుంది కాబట్టి బైసన్ ఒక్కసారే నడుస్తుంది. -జె ఇచ్చినప్పుడు రెండూ లేవని మేక్ దాదాపు ఒకేసారి తేల్చుకొని రెండు బైసన్‌లను వదులుతుంది. మొదటిది ముగియగానే పార్సర్.సి సిద్ధమైందని కంపైలర్ దాన్ని తెరుస్తుంది. సరిగ్గా అప్పుడు రెండో బైసన్ అదే ఫైల్‌ను ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి రాస్తూ ఉంటుంది. కంపైలర్ చదివింది ఆ సగం ఫైల్‌నే. మీరు వెళ్లి చూసేసరికి రెండో బైసన్ పని ముగించి ఉంటుంది కాబట్టి ఫైల్ సంపూర్ణంగా కనిపిస్తుంది.

మేక్ 4.3 లేదా అంతకంటే కొత్తది అందరి దగ్గరా ఉందంటే, ఆ రూల్‌లో కోలన్‌కు బదులు &: అని రాస్తే చాలు, ఒక్క కమాండ్‌తో రెండు ఫైళ్లూ పుడతాయని మేక్ గ్రహిస్తుంది. 2020లో వచ్చిన ఈ గుంపు లక్ష్యాల సౌకర్యంలో ఒక ఉచ్చు ఉంది: పాత మేక్ ఆ & గుర్తును తప్పుగా ఎంచదు, దాన్ని ఇంకో లక్ష్యం పేరనుకొని కిమ్మనకుండా పాత పద్ధతిలోనే నడిచిపోతుంది. మాక్‌ఓఎస్‌తో వచ్చే మేక్ ఇప్పటికీ 3.81 కాబట్టి ఇది ఉత్త ఊహ కాదు. అలాంటి యంత్రాలు మీ బృందంలో ఉంటే ప్యాటర్న్ రూల్ వాడండి; శాతం గుర్తుతో రాసిన రూల్‌లో ఎడమవైపు ఎన్ని ఫైళ్లు ఉన్నా, ఒక్కసారి నడిస్తే అన్నీ పుడతాయనే అర్థాన్ని పాత మేక్ కూడా పాటిస్తుంది.

ఇక లైబ్రరీ. మీ నిర్మాణంలో అసలు తలనొప్పి ఇదే. ఆప్‌లో నడుస్తున్న మేక్, టెస్ట్స్‌లో నడుస్తున్న మేక్ రెండు వేర్వేరు ప్రాసెస్‌లు. జాబ్‌సర్వర్ ద్వారా అవి పంచుకునేది మొత్తం ఎన్ని జాబ్‌లు నడవచ్చన్న లెక్కను మాత్రమే. ఎవరు ఏ ఫైల్‌ను కడుతున్నారన్న సమాచారం ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లే దారి లేదు. అందువల్ల రెండూ ఒకేసారి కామన్‌లోకి దిగి, లైబ్రరీ లేదని గమనించి, రెండు ఏఆర్ కమాండ్లను (స్టాటిక్ లైబ్రరీని, అంటే ఆర్కైవ్‌ను కట్టేవి) ఒకే ఫైల్ మీదికి వదులుతాయి. అలా చేస్తే ఆర్కైవ్ చెడిపోవచ్చని గ్నూ మేక్ మాన్యువలే హెచ్చరిస్తుంది. కామన్‌లోకి దిగే హక్కు పై స్థాయి మేక్‌ఫైల్‌కు ఒక్కదానికే ఉంచండి. ఆప్, టెస్ట్స్ అనే లక్ష్యాలు కామన్ మీద ఆధారపడతాయని అక్కడ ఒక్క వరుస రాసి, ఆ రెండు డైరెక్టరీలలోంచి కామన్‌ను పిలిచే వరుసలు తీసేయండి. దీనికి మూల్యం ఉంది: ఇకపై ఎవరైనా ఆప్‌లోకి వెళ్లి మేక్ నడిపితే పాత లైబ్రరీతోనే లింక్ అవుతుంది. ఆ సౌకర్యం వదులుకోలేమంటే ఉపడైరెక్టరీ మేక్‌లను ఎత్తేసి, మొత్తం ప్రాజెక్టును ఒకే ఆధారాల గ్రాఫ్‌గా రాయడం తప్ప వేరే సరైన దారి నాకు తోచడం లేదు.

సమాధానం 2

పై వివరణతో ఏకీభవిస్తూ, లోపాన్ని కావాలన్నప్పుడు రప్పించడం ఎలాగన్న మీ రెండో ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

2022లో వచ్చిన మేక్ 4.4లో --షఫుల్ అనే ఆప్షన్ ఉంది. అది ఆధారాలను మీరు రాసిన వరుసలో కాకుండా చెల్లాచెదురు చేసి తీసుకుంటుంది, కమాండ్లలో వాడే $^, $< విలువల (ఆధారాల జాబితా, మొదటి ఆధారం) వరుసను మాత్రం కదిలించదు. దీని విశేషం ఏమిటంటే -జె లేకుండా కూడా పనిచేస్తుంది. ఒకే జాబ్‌తో --షఫుల్=రివర్స్ అని శుభ్రమైన డైరెక్టరీలో నడిపి చూడండి. ఏదైనా ఆధారాన్ని చెప్పకుండా రాత వరుస మీద భారం వేసి ఉంటే, చాలావరకు ఆ తిరగేసిన వరుసలోనే బయటపడుతుంది, పైగా అప్పుడప్పుడు కాక ప్రతిసారీ బయటపడుతుంది. యాదృచ్ఛిక వరుసతో నడిపి విఫలమైతే, లోపం వచ్చిన వరుస చివర షఫుల్ సీడ్ సంఖ్య అచ్చవుతుంది. అదే సంఖ్యను మళ్లీ ఇస్తే అదే వరుస వస్తుంది. సిఐ సర్వర్‌లో రాత్రి నడిచే బిల్డ్‌కు దీన్ని జోడించడం, మళ్లీ ప్రయత్నించే ఏర్పాటుకంటే ఎంతో మేలు. ఒక జాగ్రత్త చెప్పాలి: మేక్‌ఫైల్‌లో సమాంతరతను ఆపే .నాట్‌పారలల్ ఉన్నా, ఆధారాల మధ్య ‘ముందువి ముగిసేదాకా ఆగు’ అని చెప్పే .వెయిట్ ఉన్నా అక్కడ షఫుల్ పనిచేయదు, కాబట్టి ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన అలాంటి వరుసలు ఉన్నాయేమో ముందు వెతకండి.

అయితే ఒకే ఫైల్‌కు ఇద్దరు రచయితలు ఉండే రకాన్ని వరుస తిరగేసినంత మాత్రాన పట్టుకోలేము. దానికి నేను ఎస్‌ట్రేస్ (ప్రాసెస్‌లు కెర్నల్‌ను అడిగే పనులను, అంటే సిస్టమ్ కాల్స్‌ను, నమోదు చేసే సాధనం) వాడతాను. బిల్డ్ మొత్తాన్ని, పిల్ల ప్రాసెస్‌లనూ వెంబడించే -ఎఫ్ ఆప్షన్‌తో ఎస్‌ట్రేస్ కింద నడిపి, ఫైళ్లను తెరిచే, పేరు మార్చే, తొలగించే సిస్టమ్ కాల్స్‌ను మాత్రమే లాగ్‌లోకి రాయించండి. ఎస్‌ట్రేస్ వల్ల బిల్డ్ నెమ్మదించి, రేస్ మాయమైపోతుందని చాలామంది దీన్ని పక్కన పెడతారు. నిజానికి ఇక్కడ రేస్ జరిగి తీరాలన్న నియమమేమీ లేదు. బిల్డ్ విజయవంతమైనా సరే, ఒకే ఫైల్‌ను రాయడానికి రెండు వేర్వేరు ప్రాసెస్‌లు తెరిచాయని లాగ్‌లో కనిపిస్తే, మీకు కావలసిన ఆధారం దొరికినట్టే. రాయడానికి తెరిచిన వరుసలను మాత్రం ఏరి, ఫైల్ పేరును బట్టి సార్ట్ చేసి, ఒకే పేరు పక్కన రెండు ప్రాసెస్ సంఖ్యలు ఉన్నచోట్ల ఆగి చూడండి. కంపైలర్ డ్రైవర్ సృష్టించిన టెంపరరీ ఫైల్‌ను అసెంబ్లర్ రాయడం లాంటి నిరపాయమైన వరుసలూ ఉంటాయి, వాటిని వదిలేయవచ్చు. ఈ జాబితా మీ బృందం ముందు పెట్టడానికి కూడా పనికొస్తుంది.

ఒక చోట అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ఇంత హంగామా కూడా అక్కర్లేదు. వెర్షన్.హెచ్ రాసే స్క్రిప్ట్ మొదట్లో స్లీప్ 5 అని ఒక వరుస పెట్టి -జెతో నడపండి. ఆధారం ప్రకటించని ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ ఆ అయిదు సెకన్లలో ఒకదాని వెంట ఒకటి విఫలమవుతాయి. విఫలం కాకపోతే మీ అనుమానం తప్పు.

చివరగా, సమాంతర బిల్డ్‌లో వచ్చే ప్రతి వైఫల్యమూ రేస్ కాదు. -జె పక్కన సంఖ్య ఇవ్వకపోతే మేక్ జాబ్‌లకు హద్దు పెట్టదు. మెమరీ చాలక కెర్నల్ కంపైలర్‌ను చంపేస్తే, ఆ వైఫల్యం కూడా మళ్లీ నడిపితే పోతుంది. లాగ్‌లో కిల్డ్ అన్న మాట ఉందేమో ముందు చూసుకుంటే అనవసర శ్రమ తప్పుతుంది.

సమాధానం 3

ఎఫ్‌లాక్‌ను పూర్తిగా కొట్టిపారేయడం నాకు సబబుగా తోచలేదు. మేక్‌ఫైల్‌లోని ఆధారాలన్నిటినీ సరిదిద్దడం పెద్ద ప్రాజెక్టులో నెలల తరబడి సాగే పని. ఈలోగా బైసన్ కమాండ్ ముందు ఒక లాక్ పెడితే ఒకేసారి రెండు నడవవు కదా. అంతేగాక బయటివారు రాసిన కోడ్ జనరేటర్లు కొన్ని హోమ్ డైరెక్టరీలో ఒకే పేరుతో క్యాష్ ఫైల్‌ను రాస్తుంటాయి. వాటి లోపలి వ్యవహారం మేక్‌కు ఎలా చెప్పగలం?

సమాధానం 1 రాసినవారి జవాబు

మీరు చెప్పిన రెండో సందర్భంలో లాక్ సరైనదే, నేనూ అదే చేస్తాను. ఆ క్యాష్ ఫైల్ బిల్డ్ గ్రాఫ్‌లో భాగం కాదు, ఎవరు ముందు రాసినా ఫలితం ఒకటే, కావలసిందల్లా ఇద్దరు ఒకేసారి రాయకపోవడం. అలాంటి పనికే లాక్ పుట్టింది. వీలైతే లాక్ కూడా లేకుండా, ఒక్కో జాబ్‌కు వేరే హోమ్ డైరెక్టరీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ఇవ్వడం ఇంకా శుభ్రంగా ఉంటుంది.

బైసన్ దగ్గర మాత్రం లాక్ పనిచేయదు, ఎందుకంటే లాక్ ఇద్దరు ఒకేసారి లోపలికి రాకుండా ఆపుతుందే తప్ప ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నిర్ణయించదు. లాక్ పెట్టాక ఏం జరుగుతుందో చూడండి. మొదటి బైసన్ ముగిసి లాక్ వదులుతుంది. పార్సర్.సి సిద్ధమని మేక్ కంపైలర్‌ను మొదలుపెడుతుంది. అదే క్షణంలో, అప్పటివరకు లాక్ కోసం కాచుకున్న రెండో బైసన్ లోపలికి వచ్చి ఫైల్‌ను ఖాళీ చేస్తుంది. కంపైలర్ లాక్ తీసుకోదు కాబట్టి దాన్ని ఆపేవారు లేరు. నిజానికి లాక్ వల్ల రెండో బైసన్ ఆలస్యంగా మొదలై, కంపైలర్ చదువుతున్న సమయంలోనే రాసే అవకాశం పెరుగుతుంది. చదివేవారికి కూడా లాక్ పెడితే ఈ ప్రమాదం పోతుంది గానీ, ఒక చిన్న రూల్‌ను సరిదిద్దడానికి బద్ధకించి ప్రతి కంపైల్ కమాండ్‌నూ లాక్‌లో ఇరికించడం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి. ఆధారాలన్నీ సరిదిద్దేదాకా తాత్కాలికంగా ఏదైనా కావాలంటే, సమస్య ఉన్న ఉపడైరెక్టరీ మేక్‌ఫైల్‌లో .నాట్‌పారలల్ రాయండి. అది ఆ డైరెక్టరీని మాత్రమే వరుసగా నడుపుతుంది, మిగతావి సమాంతరంగా సాగుతాయి. మేక్ 4.4లోనైతే ఆ ప్రత్యేక లక్ష్యానికి ఆధారాలుగా కొన్ని పేర్లు ఇచ్చి, వాటి కింద ఉన్నవాటిని మాత్రమే వరుసగా నడిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రివర్స్ షఫుల్‌తో వెర్షన్.హెచ్ లోపం నడిపిన ప్రతిసారీ వచ్చింది, ఆర్డర్ ఓన్లీ ఆధారంతో పోయింది. బైసన్ రూల్‌ను ప్యాటర్న్ రూల్‌గా మార్చాము, కామన్‌లోకి పై స్థాయి మేక్‌ఫైల్ మాత్రమే వెళుతోంది.

ఎస్‌ట్రేస్ లాగ్‌ను సార్ట్ చేసినప్పుడు మరో ఫైల్ బయటపడింది. మా ప్రాజెక్టులోనే తయారయ్యే ఒక చిన్న పట్టికల జనరేటర్ ప్రోగ్రామ్‌ను ఆప్, టెస్ట్స్ రెండూ ‘బిన్’ డైరెక్టరీలోకి సిపితో కాపీ చేసి, అక్కడినుంచి నడుపుతాయి. ఇప్పుడు ఒక్కోసారి టెక్స్ట్ ఫైల్ బిజీ అన్న లోపం వస్తోంది. ఆ జనరేటర్ తన ఫలితాన్ని ముందు ‘అవుట్.టెంప్’ అనే ఒకే పేరుతో రాసి, తర్వాత అసలు పేరుకు మారుస్తుంది. అది కూడా ఇద్దరు రచయితల జాబితాలో కనిపించింది. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, వెర్షన్.హెచ్ ప్రతి బిల్డ్‌లో కొత్తగా రాయబడుతున్నందున, దాన్ని కలుపుకున్న ఫైళ్లన్నీ కోడ్ మారకపోయినా తిరిగి కంపైల్ అవుతున్నాయి.

సమాధానం 4

మూడింటికీ విడివిడిగా చెబుతాను.

ఒక ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని ఫైల్‌ను రాయడానికి తెరవబోయినా, రాయడానికి తెరిచి ఉన్న ఫైల్‌ను నడపబోయినా లినక్స్ టెక్స్ట్ ఫైల్ బిజీ అంటుంది. ఆప్ జనరేటర్‌ను నడుపుతుండగా టెస్ట్స్ అదే ఫైల్ మీదికి సిపి చేస్తోందన్నమాట. కాపీ చేసే రూల్ పై స్థాయిలో ఒక్కటే ఉండాలి, ఆప్, టెస్ట్స్ దానిపై ఆధారపడాలి. ఇది ఇంతకుముందు కామన్‌కు చేసిన మార్పే. దాంతోపాటు, కాపీని నేరుగా అసలు పేరుకు కాకుండా అదే డైరెక్టరీలో వేరే పేరుకు చేసి, తర్వాత ఎమ్‌వితో అసలు పేరు పెట్టండి. పేరు మార్చడం పాత ఫైల్‌ను తాకదు. ఆ పేరు కొత్త ఐనోడ్‌ను (ఫైల్‌సిస్టమ్‌లో అసలు ఫైల్‌ను సూచించే నమోదు) చూపేలా చేస్తుంది అంతే. అప్పటికే నడుస్తున్న ప్రాసెస్ తన పాత ఐనోడ్‌తో నిశ్చింతగా సాగిపోతుంది. పోసిక్స్ (యునిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) నియమం ప్రకారం ఈ మార్పిడి ఏకకార్యం: చూసేవారికి పాత ఫైల్ గానీ కొత్త ఫైల్ గానీ కనబడుతుంది తప్ప సగం ఫైల్ కనబడదు. ఈ హామీ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో మాత్రమే వర్తిస్తుంది. టెంపరరీ ఫైల్‌ను /టెంప్‌లో పెట్టి అక్కడినుంచి ఎమ్‌వి చేస్తే, ఆ రెండూ వేర్వేరు ఫైల్‌సిస్టమ్‌లు అయినప్పుడు ఎమ్‌వి లోపల్లోపల కాపీ చేసి పాతదాన్ని తొలగిస్తుంది, మనం తప్పించుకోవాలనుకున్న సగం ఫైల్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకే టెంపరరీ ఫైల్ ఎప్పుడూ లక్ష్యం పక్కనే ఉండాలి.

అవుట్.టెంప్ సమస్యకు జనరేటర్ సోర్స్ మీ చేతిలోనే ఉంది కాబట్టి, టెంపరరీ పేరును లక్ష్యం పేరు నుంచే పుట్టించండి. మేక్‌ఫైల్‌లోనైతే $@ (లక్ష్యం పేరు) వెనుక .టెంప్ తగిలించిన పేరు వాడడం మంచి అలవాటు. లక్ష్యాలు వేరైనప్పుడు టెంపరరీ పేర్లూ వాటంతటవే వేరవుతాయి. ఇదే చోట .డిలీట్_ఆన్_ఎర్రర్ అనే ప్రత్యేక లక్ష్యాన్ని మేక్‌ఫైల్‌లో ఒకసారి రాసి పెట్టుకోండి. కంట్రోల్ సి నొక్కి ఆపినప్పుడు సగం రాసిన లక్ష్యాన్ని మేక్ తానే తొలగిస్తుంది గానీ, కమాండ్ లోపంతో ముగిసినప్పుడు ఆ పని చేయదు. సగం ఫైల్ కొత్త టైమ్‌స్టాంప్‌తో మిగిలిపోయి, తర్వాతి బిల్డ్ దాన్ని సిద్ధమైన ఫైల్‌గా నమ్ముతుంది. ఈ వరుస ఎందుకు డిఫాల్ట్ కాలేదో నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

వెర్షన్.హెచ్‌కు, కొత్త పాఠాన్ని వెర్షన్.హెచ్.టెంప్‌లోకి రాసి, సిఎమ్‌పి -ఎస్‌తో పాతదానితో పోల్చి, తేడా ఉంటేనే ఎమ్‌వి చేసి, లేకపోతే టెంపరరీని తొలగించండి. రూల్ ప్రతి బిల్డ్‌లో నడుస్తుంది, అది సెకనులో చిన్న భాగం. కమాండ్ నడిచాక గ్నూ మేక్ ఫైల్ టైమ్‌స్టాంప్‌ను మళ్లీ చూసుకుంటుంది కాబట్టి, అది మారకపోతే దానిపై ఆధారపడినవి కదలవు. ఎప్పుడైనా నింజా అనే మరో బిల్డ్ సాధనానికి మారితే ఈ పరీక్ష దానంతటది జరగదు, రూల్‌లో రీస్టాట్ అని చెప్పాల్సి ఉంటుంది. నింజా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: 1.11 వెర్షన్ నుంచి దానిలో మిస్సింగ్‌డెప్స్ అనే ఉపకరణం ఉంది. బిల్డ్‌లోనే పుట్టే హెడర్‌ను ఒక ఆబ్జెక్ట్ ఫైల్ చదివిందని డెప్స్ లాగ్ (నింజా దాచుకునే ఆధారాల చిట్టా) చెబుతూ, గ్రాఫ్‌లో మాత్రం వాటి మధ్య దారి లేకపోతే ఆ జంటను అది చూపిస్తుంది. మీ వెర్షన్.హెచ్ లోపాన్ని అది ఒక్క కమాండ్‌తో పట్టేసేది.

సమాధానం 5

మేక్‌ఫైళ్లను గానీ నింజా ఫైళ్లను గానీ పుట్టించే సీమేక్ వాడేవారికి ఒక మాట. యాడ్_కస్టమ్_కమాండ్ ద్వారా పుట్టే ఫైల్‌ను ఒకే డైరెక్టరీలోని రెండు టార్గెట్ల సోర్స్ జాబితాల్లో పెడితే, మేక్‌ఫైళ్లు పుట్టించే జనరేటర్‌లో ఆ కమాండ్ రెండు టార్గెట్లలోనూ చేరి, సమాంతరంగా రెండుసార్లు నడవవచ్చు. అలా చేయవద్దని, ఆ ఫైల్ కోసం యాడ్_కస్టమ్_టార్గెట్‌తో ఒక టార్గెట్‌ను పెట్టి మిగతా రెండింటినీ దానిపై ఆధారపడేలా చేయమని సీమేక్ డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. నింజా జనరేటర్‌లో మొత్తం ఒకే గ్రాఫ్ కాబట్టి ఇది కనబడదు. అందుకే ‘నా దగ్గర పనిచేస్తోంది, అతని దగ్గర చెయ్యడం లేదు’ అన్న వాదనలు పుడుతుంటాయి.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో -జెడ్ఐ ఆప్షన్ వాడినప్పుడు పలు కంపైలర్లు ఒకే పిడిబి ఫైల్‌లోకి డీబగ్ సమాచారం రాస్తాయి. సి 1041 లోపం వస్తే కారణం సాధారణంగా అదే. కంపైలర్ సందేశమే సూచించినట్టు -ఎఫ్ఎస్ ఆప్షన్ ఇస్తే రాతలన్నీ ఒక ప్రత్యేక ప్రాసెస్ గుండా వరుసగా వెళతాయి. డీబగ్ సమాచారాన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లలోనే ఉంచే -జెడ్7 ఇస్తే పంచుకునే ఫైలే ఉండదు కాబట్టి నా ఓటు దానికి. పై సమాధానంలో చెప్పిన పేరు మార్చే పద్ధతి అక్కడ అంత నిశ్చింతగా సాగదని కూడా గుర్తుంచుకోండి: లక్ష్యం ఫైల్‌ను వేరే ప్రాసెస్, ఉదాహరణకు యాంటీవైరస్, తెరిచి ఉంచితే పేరు మార్పిడే విఫలం కావచ్చు.

బిల్డ్ డైరెక్టరీ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్) మీద ఉండి, పని పలు యంత్రాలకు పంచబడుతుంటే, ఆధారాలన్నీ సరిగ్గా ఉన్నా ఫైల్ లేదన్న లోపం రావచ్చు. క్లయింట్ ఫైళ్ల, డైరెక్టరీల వివరాలను కొన్ని సెకన్లపాటు తన దగ్గర దాచుకుంటుంది. వేరే యంత్రం అప్పుడే రాసిన ఫైల్ ఆ వ్యవధిలో కనబడకపోవచ్చు. యంత్రాల గడియారాలు కలవకపోతే మేక్ క్లాక్ స్క్యూ అంటూ హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

మా బిల్డ్ డైరెక్టరీ స్థానిక డిస్క్ మీదే, ఎక్స్‌ట్4లో ఉంది కాబట్టి చివరి సంగతి మాకు వర్తించదు. జనరేటర్ కాపీని పై స్థాయికి తెచ్చి, టెంపరరీ పేర్లు మార్చాక ఎస్‌ట్రేస్ లాగ్‌లో ఇద్దరు రచయితలున్న ఫైల్ ఇక కనిపించలేదు. ఎఫ్‌లాక్ ప్రతిపాదనను విరమించుకున్నాము, మళ్లీ ప్రయత్నించే ఏర్పాటును సర్వర్ నుంచి తీసేసి, రాత్రి బిల్డ్‌కు యాదృచ్ఛిక షఫుల్‌ను జోడించాము. ఒక చిన్న సందేహం మిగిలింది: రాత్రి బిల్డ్‌లో -జె, --షఫుల్ రెండూ కలిపి ఇవ్వాలా, లేక షఫుల్‌ను ఒకే జాబ్‌తో నడపాలా?

సమాధానం 2 రాసినవారి జవాబు

రెండూ వేర్వేరుగా నడపండి. ఒకే జాబ్‌తో షఫుల్ విఫలమైతే అది ఖాయంగా ప్రకటించని ఆధారమే, సీడ్ ఇస్తే ఖచ్చితంగా మళ్లీ వస్తుంది, లాగ్‌లో సందేశాలు కలగాపులగం కావు. -జెతో కలిపిన షఫుల్ ఇద్దరు రచయితల రకాన్ని కూడా అప్పుడప్పుడు పట్టిస్తుంది, కానీ అక్కడ సీడ్ ఒక్కటే సరిపోదు, సమయాలు కూడా కలిసి రావాలి. ఆ రెండో బిల్డ్‌కు --అవుట్‌పుట్-సింక్ కూడా ఇవ్వండి. ఏ సందేశం ఏ లక్ష్యానిదో విడిగా కనబడుతుంది.